హైదరాబాద్ మెట్రో గ్రీన్ లైన్ రివ్యూ: నడుస్తున్న పదకొండు కిలోమీటర్లు, ఆగిపోయిన పాతబస్తీ ముక్క

సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్)లో ఎక్కితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్)లో దిగడానికి పదహారు నిమిషాలు. అదే దారిలో బస్సెక్కి ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ సిగ్నళ్లన్నీ దాటుకుంటూ పోతే సాయంత్రం పూట ముప్పావు గంట ఖాయం. ఈ లెక్కన గ్రీన్ లైన్ కిక్కిరిసి నడవాలి. నడవడం లేదు. హైదరాబాద్ మెట్రో మూడు లైన్లలో జనం అతి తక్కువగా ఎక్కేది దీన్నే. రైలు బాగా లేక కాదు, స్టేషన్లు బాగా లేకా కాదు. లైను వెళ్లాల్సిన చోటికి వెళ్లకుండా మూసీ ఒడ్డునే ఆగింది గనక.

అందుకే ఈ రివ్యూలో నడుస్తున్న సర్వీసు గురించి ఎంత చెప్పాలో, కట్టని ముక్క గురించీ అంతకంటే ఎక్కువే చెప్పాలి. రెండోది తెలియకపోతే మొదటిది అర్థం కాదు.

ముందు సర్వీసు. లైను మీద తొమ్మిది స్టేషన్లు: జేబీఎస్ పరేడ్ గ్రౌండ్, సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్, ఎంజీబీఎస్. దీని అసలు బలం రెండు పెద్ద బస్‌స్టేషన్లను కలపడం. కరీంనగర్, మెదక్ వైపు నుంచి వచ్చి జేబీఎస్‌లో దిగి, విజయవాడ, నల్గొండ, మహబూబ్‌నగర్ బస్సు కోసం ఎంజీబీఎస్ చేరాల్సిన వాళ్లకు దీన్ని మించిన దారి లేదు. పండగ రోజుల్లో ఆటో అడిగే రేటుకూ మెట్రో టికెట్టుకూ పోలికే ఉండదు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని వచ్చే పిల్లలకు, గాంధీ ఆసుపత్రి ఓపీకి పొద్దున్నే చేరాల్సిన వాళ్లకు, కోఠి బేరాలకు వెళ్లే వాళ్లకు కూడా బాగా పనికొస్తుంది.

ఎక్కే ముందు రెండు సంగతులు తెలిసుండాలి. ఒకటి: రైల్వే స్టేషన్‌కు వెళ్లేవాళ్లు సికింద్రాబాద్ వెస్ట్ అన్న పేరు చూసి దిగేయకండి. రైల్వే స్టేషన్‌కు దగ్గరగా ఉండేది బ్లూ లైన్ మీద ఉన్న సికింద్రాబాద్ ఈస్ట్. సామాన్లుంటే ఈ తేడా చేతులకు బాగా తెలుస్తుంది. రెండు: పరేడ్ గ్రౌండ్ దగ్గర గ్రీన్ లైన్ నుంచి బ్లూ లైన్‌కు మారడమంటే ఒకే ప్లాట్‌ఫాం మీద ఇటు దిగి అటు ఎక్కడం కాదు. అవి పక్కపక్కనే కట్టిన రెండు స్టేషన్లు, మధ్యలో నడక వంతెన ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే లిఫ్టు ఎటుందో ముందే చూసుకోవాలి, నడకకు నాలుగైదు నిమిషాలు వేసుకోవాలి. ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్‌కు మారడం ఇంతకంటే నయం. ఒకే కట్టడంలో అంతస్తు మారితే చాలు.

లోపాల్లో మొదటిది రైలుకూ రైలుకూ మధ్య ఎడం. రెడ్, బ్లూ లైన్లలో రద్దీ వేళ ఒక రైలు తప్పితే మూడు నాలుగు నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. గ్రీన్ లైన్‌లో ఆ ఎడం ఎక్కువ. పదహారు నిమిషాల ప్రయాణానికి ఎనిమిది నిమిషాలు నిలబడాలంటే దగ్గరి దూరాల వాళ్లు మళ్లీ బస్సు వైపే చూస్తారు. జనం తక్కువని రైళ్లు తక్కువ, రైళ్లు తక్కువని జనం తక్కువ. మొత్తం మెట్రోకు హ్యుందాయ్ రోటెమ్ ఇచ్చినవి 57 రైళ్లు, ఒక్కోదానికి మూడు బోగీలు. మూడు బోగీల్లో నిలబడ్డ వాళ్లతో కలిపి సుమారు వెయ్యి మంది పడతారు. ప్లాట్‌ఫాంలు ఆరు బోగీలకు సరిపడా కట్టారు గానీ బోగీలు పెరగలేదు. ఉన్నవన్నీ అమీర్‌పేట మీదుగా పోయే రెండు లైన్ల రద్దీకే చాలవు, ఇక గ్రీన్ లైన్‌కు అదనంగా ఎక్కడినుంచి వస్తాయి? టికెట్ల సంగతి చూస్తే 2017లో 10 నుంచి 60 రూపాయలుగా మొదలైన ఛార్జీలు 2025 మే నెలలో 12 నుంచి 75కు పెరిగాయి. వెంటనే పది శాతం తగ్గించి మే 24 నుంచి 11 నుంచి 69గా ఖాయం చేశారు. దూరం వెళ్లే వాళ్లకు ఇది పెద్ద బరువు కాదు. రెండు మూడు స్టేషన్ల ప్రయాణానికి మాత్రం సిటీ బస్సు పక్కన ఖరీదే. ఆడవాళ్లకు బస్సులో టికెట్టే లేదు కాబట్టి ఈ చిన్న లైనుకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది.

ఇక అసలు విషయం. 2010 సెప్టెంబరు 4న నిర్మాణ సంస్థ ఎల్ అండ్ టీతో ఒప్పందం జరిగినప్పుడు రెండో కారిడార్, అంటే ఈ గ్రీన్ లైన్, జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా. నిర్మాణ గడువు లెక్క మొదలైంది 2012 జులై 5న, వ్యవధి ఐదేళ్లు. మియాపూర్–నాగోల్ మధ్య మొదటి 30 కిలోమీటర్లు 2017 నవంబరు చివర్లో జనానికి అందాయి. ఎల్బీనగర్ వైపు 2018 సెప్టెంబరులో, హైటెక్ సిటీ వైపు 2019 మార్చిలో తెరుచుకున్నాయి. గ్రీన్ లైన్ ఎంజీబీఎస్ దాకా వచ్చేసరికి 2020 ఫిబ్రవరి 7. తెరిచిన నెలన్నరకే కోవిడ్ లాక్‌డౌన్‌తో మెట్రో మొత్తం మూతపడి, మళ్లీ సెప్టెంబరులో కదిలింది. కొత్త లైనుకు జనం అలవాటు పడే రోజులే ఆ విధంగా పోయాయి. మొదటి దశ 69 కిలోమీటర్ల దగ్గర ఆగింది. పాతబస్తీలోని ఐదున్నర కిలోమీటర్లు కాగితం మీదే మిగిలాయి.

ఎందుకు మిగిలాయి అంటే ఒక్క మాటలో తేల్చేవాళ్లు చాలామంది. రాజకీయం అంటారు. అది ఉంది. 2014 తర్వాత అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ మూడు చోట్లా మార్గం మార్చాలన్న ఆలోచన వచ్చింది. పాతబస్తీలో బహదూర్‌పురా వైపు తిప్పి తీసుకెళ్లే ప్రత్యామ్నాయం మీద ఏళ్లు గడిచాయి. చివరికి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతేబార్ చౌక్, అలీజా కోట్ల, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, శంషేర్‌గంజ్, అలియాబాద్ మీదుగా ఫలక్‌నుమా అన్న పాత మార్గమే నిలిచింది. కానీ మార్గం మీద తకరారు ఎందుకు వచ్చిందో తెలియాలంటే టేపు పట్టుకుని రోడ్డు వెడల్పు కొలవాలి.

దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డు 50–60 అడుగులు. 60 అడుగులంటే 18 మీటర్లు. నడిరోడ్డులో పునాది తవ్వే యంత్రం, ఇనుప కడ్డీల బోను, దాన్ని ఎత్తే క్రేను పట్టాలంటే రెండు వైపులా రేకులు కట్టి ఎనిమిది తొమ్మిది మీటర్లు మూసేయాలి. మిగిలేది ఒక్కో పక్క నాలుగున్నర మీటర్లు. అందులో డ్రైనేజీ మూతలు, కరెంటు స్తంభాలు, దుకాణాల మెట్లు పోగా ఒక బస్సు వెళుతుంటే పక్కన స్కూటర్ పట్టదు. అంబులెన్సుకు, అగ్నిమాపక వాహనానికి దారే ఉండదు. పిల్లర్ లేచాక పరిస్థితి కొంత మెరుగు, ఎందుకంటే అప్పుడు మధ్యలో రెండున్నర మీటర్ల డివైడర్ చాలు. కానీ ఆ పైన వచ్చే వయాడక్ట్ (రైలు నడిచే వంతెన) అంచుకూ పక్కింటి బాల్కనీకీ మధ్య భద్రతకు ఖాళీ ఉండాలి, పైన 25 కిలోవోల్టుల కరెంటు తీగ ఉంటుంది. అందుకే రోడ్డును 100 అడుగులకు, స్టేషన్లున్న చోట 120కి పెంచాలని తేల్చారు. స్టేషన్‌కు ఇరవై అడుగులు ఎక్కువెందుకంటే, పైన ప్లాట్‌ఫాంలు రెండు పక్కలా విస్తరిస్తాయి, మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టులు కింద ఫుట్‌పాత్ మీదికి దిగాలి.

అరవై నుంచి వందకు పోవాలంటే ఒక్కో పక్క ఇరవై అడుగులు కొట్టాలి. పాతబస్తీలో చాలా దుకాణాల లోతే అంత. అంటే ముందు భాగం కొట్టి వెనక్కి జరగడం కుదరదు, మొత్తం పోతుంది. మొదట్లో దెబ్బతినే ఆస్తులు సుమారు 1,100 అని లెక్క తేలింది. ఆ తర్వాత కొలతలు సరిచేసుకుంటూ సంఖ్య తగ్గించారు.

పరిహారం ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చూడాలి, ఆలస్యమంతా పేరుకునేది ఇక్కడే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ముందు 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్. అక్కడి నుంచి అభ్యంతరాలకు అరవై రోజులు. వాటిని విన్నాక 19వ సెక్షన్ కింద డిక్లరేషన్, అది పన్నెండు నెలల్లోపు రావాలి. తర్వాత 21వ సెక్షన్ నోటీసు, కాగితాల పరిశీలన, ఆఖర్న అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు. చదరపు గజానికి 81,000 రూపాయలుగా ధర తేల్చారు. కట్టడం విలువ దీనికి అదనం. యాభై గజాలు పోయే చోట స్థలానికే నలభై లక్షల యాభై వేలు వస్తాయి. 2025 జనవరిలో మొదటి చెక్కులు ఇచ్చి కూల్చివేతలు మొదలుపెట్టారు.

ఈ వరసలో ఏది ఎక్కడ ఇరుక్కుంటుంది? తాతల నాటి ఇల్లు, పట్టా తాత పేరు మీదే, వారసులు పదిమంది, అందులో ముగ్గురు గల్ఫ్‌లో. అందరి సంతకం లేనిదే డబ్బు చేతికందదు. కొన్నిచోట్ల స్థలం వక్ఫ్‌ది, కట్టడం వేరొకరిది, వ్యాపారం చేసేది ఇంకొకరు. స్థలం డబ్బు ఎవరికి, కట్టడం డబ్బు ఎవరికి, నలభై ఏళ్లుగా అద్దెకున్న దుకాణదారుడికి ఏమిటి అన్నది ఒక్కో గడపకూ వేరుగా తేలాలి. ఈ దుకాణదారుల విషయంలో ఇంకా ఉదారంగా ఉండాల్సింది. యజమానికి చెక్కు అందుతుంది, చోటు పోయిన బేరగాడికి మాత్రం గిరాకీ అంతా ఆ వీధితోనే పోతుంది. పత్రాలున్న ఆస్తిదారులకు ఒక సలహా: లింకు డాక్యుమెంట్లు, వారసత్వ ధ్రువపత్రం, ఆస్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఒకే పేరుతో సరిపోలేలా ముందే సిద్ధం చేసుకుంటే నెలలు కలిసొస్తాయి.

కొట్టిన తర్వాతి స్థితి కూడా చూడాలి. శాలిబండ వైపు ఇలాంటి గోడలు కనిపిస్తాయి: ముందు గది పోయి, పై అంతస్తు మెట్లు బయటికి వేలాడుతూ, స్లాబు అంచున కడ్డీలు వంకరగా బయటికొచ్చి, వెనక గదిలో మాత్రం గోడకు నీలం సున్నం, దేవుడి గూడో ఖురాన్ అలమారో అలాగే ఉండి. సగం కొట్టిన కట్టడానికి వెంటనే కొత్త పిల్లర్లు, ముందు గోడ కట్టాలి. లేకపోతే ఒక వానాకాలానికే మిగిలిన భాగం ప్రమాదం. సున్నం, రాతి గోడల పాత ఇళ్లలో బీములు ఉండవు, గోడలే బరువు మోస్తాయి. ముందు గోడ తీస్తే పైకప్పు నిలబడదు. కాబట్టి యంత్రంతో కొట్టే ముందు మిగిలే భాగానికి జాకీలు, దిమ్మెలు ఆనించాలి, గీత గీసిన చోట కట్టర్‌తో కోయాలి. నేరుగా జేసీబీ పెట్టి లాగితే పక్కవాడి గోడ కూడా చీలుతుంది.

వంద దాకా ఉన్న మసీదులు, గుళ్లు, దర్గాలు, ఆషూర్‌ఖానాల సంగతి మరొకటి. వాటిని ముట్టకుండా కడతామని అధికారులు చెప్పారు. సాధ్యమే, కానీ ఊరికే కాదు. వయాడక్ట్‌లో రెండు పిల్లర్ల మధ్య దూరం సాధారణంగా పాతిక నుంచి ముప్పై మీటర్లు. ఒక కట్టడం ముందు పిల్లర్ వద్దనుకుంటే దాన్ని ముందుకో వెనక్కో జరుపుతారు, ఒక అంతరం ఇరవై, పక్కది ముప్పై అవుతుంది. అంతకు మించితే మామూలు సెగ్మెంట్లు (ముందే పోసి తెచ్చే కాంక్రీటు ముక్కలు) పనికిరావు, ఆ ఒక్కచోటికి ప్రత్యేక డిజైను కావాలి. మధ్యలో చోటు లేకపోతే పిల్లర్ పక్కకు పెట్టి పై భాగాన్ని రోడ్డు మీదికి చాపాలి, దానికి పునాది పెద్దది. వంపు దగ్గర జరిపితే మలుపు ఇంకా బిగుసుకుంటుంది, రైలు వేగం తగ్గుతుంది, చక్రం పట్టాను రాసుకుని కీచుమంటుంది. ఒక్కో మార్పూ డ్రాయింగు, తనిఖీ, ఆమోదం మళ్లీ మొదటికి తెస్తుంది. అయినా ఈ ఖర్చు పెట్టాల్సిందే. చార్మినార్ పక్కన నాలుగు వందల ఏళ్ల ఊరిని చెరిపి వేసే లైను ఎవరికీ అక్కర్లేదు. చార్మినార్, సాలార్‌జంగ్ స్టేషన్లను ఆ కట్టడాలకు సుమారు అర కిలోమీటరు ఎడంగా పెట్టింది కూడా ఇందుకే, అది సరైన నిర్ణయం.

నేల కింద ఉన్నది కూడా తక్కువ తలనొప్పి కాదు. మంచినీటి మెయిన్లు, రాతితో కట్టిన పాత మురుగు కాల్వలు, 11 కేవీ కేబుళ్లు, టెలిఫోన్ పైపులు ఒకదాని మీద ఒకటి పోయుంటాయి. పటంలో ఒకచోట, నేలలో మరోచోట. రాడార్ సర్వే చేసినా ప్రతి పిల్లర్ దగ్గరా చేత్తో గొయ్యి తవ్వి చూడకుండా యంత్రం దించకూడదు. ఒక్క నీటి మెయిను పగిలితే ఆ వీధి వారం ఎండిపోతుంది, పనిమీద జనానికి ఉన్న కాస్త సహనం పోతుంది. నేల స్వభావం మాత్రం కొంత అనుకూలం. హైదరాబాద్‌లో గ్రానైట్ చాలాచోట్ల తక్కువ లోతులోనే తగులుతుంది. మూసీ ఒడ్డున మాత్రం మెత్తటి నేల దాటి రాయి దాకా పైల్స్ (లోతైన కాంక్రీటు పునాది స్తంభాలు) దించాలి.

2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. తర్వాత ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 7.5 కిలోమీటర్లు చేశారు, అంచనా 2,741 కోట్లు. రెండో దశలోని ఐదు కారిడార్లు కలిపి 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల ప్రతిపాదన 2024 నవంబరులో కేంద్రానికి వెళ్లింది. పొడిగింపు మంచి ఆలోచన. నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వేయాలనుకున్న 36.8 కిలోమీటర్ల లైను చాంద్రాయణగుట్ట మీదుగానే పోతుంది. అప్పుడు జేబీఎస్‌లో ఎక్కినవాళ్లు ఒక్కసారి మారి విమానాశ్రయం చేరతారు. గ్రీన్ లైన్ అసలు విలువ ఆ రోజు తెలుస్తుంది. అయితే మొదటి దశ ఒక కంపెనీ చేతిలో, రెండో దశ ప్రభుత్వం చేతిలో ఉంటే టికెట్టు, రైళ్లు, సిగ్నలింగ్ ఎలా కలుస్తాయన్న ప్రశ్న కేంద్రం వైపు నుంచి వచ్చింది. 2025 సెప్టెంబరులో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి తీసుకోవడానికి, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా, రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా సిద్ధపడడానికి ఇదీ ఒక కారణం. 2025 ముగిసేనాటికి పాతబస్తీలో జరిగింది ఆస్తుల సేకరణ, కూల్చివేత, తీగలు తప్పించడం. పిల్లర్ లేవలేదు.

పని నిజంగా కదిలిందో లేదో ప్రకటనలు చూసి కాక వీధి చూసి చెప్పొచ్చు. ముక్కాలి పీట లాంటి పరికరంతో మట్టి నమూనాలు తీస్తుంటే అది పరీక్ష మాత్రమే. ఫుట్‌పాత్ పక్కన పొడవాటి కందకం తవ్వి కొత్త పైపు వేస్తుంటే సర్వీసుల మార్పిడి మొదలైనట్టు. పైల్ మీద కాంక్రీటు దిమ్మెలు పేర్చి బరువు పరీక్ష చేస్తుంటే కాంట్రాక్టరు దిగినట్టు. అన్నిటికంటే గట్టి గుర్తు ఊరి బయట కనిపిస్తుంది: కాస్టింగ్ యార్డు. మొదటి దశకు ఉప్పల్, ఖుత్బుల్లాపూర్ యార్డుల్లో సెగ్మెంట్లు పోసి రాత్రిళ్లు ట్రైలర్ల మీద తెచ్చారు. అచ్చులు బిగించి సెగ్మెంట్లు పోయడం మొదలుకాకపోతే వయాడక్ట్ ఊసే లేనట్టు.

ఆ తర్వాతి పనిలో ఒక చిక్కుంది. సెగ్మెంట్లను ఎత్తి బిగించే లాంచింగ్ గర్డర్ ఒక పిల్లర్ నుంచి పక్క పిల్లర్ మీదికి పాకుతూ పోతుంది. మధ్యలో ఒక్క ఇల్లు కోర్టులో ఉండి ఒక్క పిల్లర్ లేవకపోయినా అది అక్కడే ఆగుతుంది, లేదా విప్పి అవతల మళ్లీ బిగించాలి. దానికి వారాలు పోతాయి. తొంభై శాతం ఆస్తులు చేతికొచ్చాయన్న మాట వినడానికి బాగుంటుంది, మిగిలిన పది శాతం వరసగా ఒక చివర ఉందా, చెదురుమదురుగా ఉందా అన్నదాన్ని బట్టే గడువు ఉంటుంది. రేకులు కట్టిన రోజు నుంచి పట్టాలు, కరెంటు తీగ, సిగ్నలింగ్, ట్రయల్ రన్, రైల్వే భద్రతా కమిషనర్ ధ్రువపత్రం అన్నీ పూర్తవడానికి మూడేళ్లలోపు అవుతుందని ఎవరు చెప్పినా ఆ వీధుల్ని చూసి చెప్పినట్టు కాదు.

నడుస్తున్న భాగానికి ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. తగ్గించిన ఒక్కటీ రైళ్ల ఎడానికి, పరేడ్ గ్రౌండ్ నడకకు. ప్రయాణికుల సంఖ్య చూపించి దీన్ని విఫలమైన లైను అనడం మాత్రం ఒప్పుకోలేం. పాతబస్తీ జనాన్ని ఎక్కించుకోవడానికి గీసిన లైను ఇంకా వాళ్ల గడపకే చేరలేదు.

అది చేరేదాకా చార్మినార్ వెళ్లేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి, అఫ్జల్‌గంజ్ బస్టాపు దాకా నడిచి, నయాపూల్, మదీనా మీదుగా వెళ్లే సిటీ బస్సు పట్టుకోవచ్చు. దూరం రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ, చల్లటి వేళ నడిచినా పోతుంది. సాలార్‌జంగ్ మ్యూజియం ఇంకా దగ్గర, శుక్రవారం సెలవు. రంజాన్ నెల రాత్రుల్లో మదీనా దాటాక బస్సులు, ఆటోలు కదలవు, అక్కడే దిగి నడవడం మేలు. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి రైలు టైము ముందే చూసుకోండి.